అరగంట ముందు మెల్లగా కొట్టాలి

2011 ఫిబ్రవరిలో ఒక సోమవారం, సాయంత్రం నాలుగూ పదికి, యూనివర్సిటీ తార్నాక వైపు గేటు దగ్గర, ఉద్యమ విద్యార్థుల మీద మొదటి టియర్ గ్యాస్ షెల్ పేలింది. పరిశోధక విద్యార్థి భూపాల్ బైండింగ్ చేయించిన థీసిస్ ప్రతులతో గేటు బయట ఉన్నాడు. పరీక్షల విభాగం లోపల ఉంది. అయిదింటిలోగా ఇవ్వకపోతే అయిదేళ్ల రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

థీసిస్ విషయం: సముద్రంలో గాలిమరల కోసం స్తంభాలు దిగగొట్టే చప్పుడు వల్ల పోర్పాయిస్‌లకు (డాల్ఫిన్‌కు దగ్గరి చుట్టాలు, తార్నాకలో ఉండవు) కలిగే ఇబ్బంది. భూపాల్ సముద్రం చూడలేదు. విదేశాల నుంచి వచ్చిన రికార్డింగులు విన్నాడు. సుత్తి దెబ్బకు ఆ జీవులు ఇరవై కిలోమీటర్ల దాకా పారిపోతాయి. అందుకని అక్కడ ఒక నియమం పెట్టారు. మొదటి అరగంట మెల్లగా కొట్టాలి. అవి తప్పుకున్నాకే గట్టిగా కొట్టాలి. దగ్గర్లో ఒక్కటి కనబడినా పని మొదలుపెట్టకూడదు.

బారికేడ్ దగ్గరున్న ఎస్సై ఇన్నయ్యకు భూపాల్ ఇదంతా వివరించాడు. (ఆయన అడిగింది ఐడీ కార్డు.)

"నీ చేపలకు ఆర్డర్ ఉన్నది తమ్మీ. మాకొచ్చిన ఆర్డర్ల గట్ల రాయలే."

"చేపలు కావు సార్. మన లెక్కనే పిల్లలకు పాలిస్తయి."

"అయితే హాస్టల్ల ఉంటయా?"

"అయిదింటి దాంక టైమున్నది సార్. జర పోనియ్యుండ్రి."

"పొగ పోనీ. పోదువు."

పొగ ఆరున్నరకు పోయింది.

మర్నాడు పరీక్షల విభాగం సూపరింటెండెంట్ సోమయాజులు థీసిస్ తిరగేశాడు. ఆయనది కాకినాడ. సముద్రం మీద రాసినవాడు ఇన్నాళ్లకు కనబడ్డాడు.

"బాగా రాశావయ్యా. గడువే అయిపోయింది. షెల్స్ చప్పుడు వల్ల ఆలస్యమైందంటే ఫారం ఏడు ఉంది, పెట్టుకో."

ఫారం ఏడులో ప్రశ్న ఒకటే: శబ్దం వల్ల పరిశోధనలోని జీవి చెదిరిందా? (ల్యాబ్ ఎలుకల కోసం పెట్టిన ఫారం. విద్యార్థికి గడి లేదు.) భూపాల్ "పరిశోధకుడు చెదిరాడు" అని రాసి సంతకం చేశాడు.

"ఇది ఒప్పుకుంటారా సార్?"

"కమిటీ వేస్తారు. కంగారుపడకు."

ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. వారు గేటునూ, హాస్టళ్లనూ, రెండు నీళ్ల ట్యాంకులనూ పరిశీలించారు.

పదకొండు రోజులకు భూపాల్‌కు జవాబు వచ్చింది. సంఘటన జరిగిన సమయంలో క్యాంపస్‌లో పోర్పాయిస్‌లు ఏవీ లేవని విచారణలో తేలినందున గడువు పొడిగింపు తిరస్కరించడమైనది.