నత్తగుల్ల నోరు ఎటువైపు?

నిజాం ఏలుబడిలో, ఫసలీ 1348లో బోధన్ తాలూకా ప్రజలకు ఒక శుభవార్త అందింది. కోటగిరి దగ్గర లింబయ్య చెరుకు తోటలో నువ్వుగింజంత నత్తగుల్ల ఒకటి దొరికింది. లోకంలో ఇంతవరకు ఎవరూ వర్ణించని జాతి అది. వర్ణన పూర్తయ్యేదాకా ఆ తోటలో ఒక్క గడ కూడా నరకరాదని హుకుం వచ్చింది. గడలు అప్పటికే పక్వానికి వచ్చాయి. నెల దాటితే రసం ఇగిరిపోతుంది. విజ్ఞానానికి ఇలాంటి చిల్లర సంగతులు అడ్డు రాకూడదు కదా!

వర్ణనకు నిజామాబాద్ నుంచి జిల్లా అధికారి దేవిదాస్ సాహెబు స్వయంగా దయచేశారు. ఆయన అంతకుముందు నత్తను చూసి ఎరుగరు, కనుక ముందస్తు అభిప్రాయాలేవీ లేవు. తాలూకా కచేరీలో బల్లకు ఒక పక్క సాహెబు కుర్చీ. ఎదుటి పక్క గుమాస్తా ఆత్మారాం నిలబడ్డాడు. మధ్యన తెల్లకాగితం మీద గుల్ల. సాహెబు భూతద్దంలో చూసి చెప్పారు, ఆత్మారాం రాశాడు. చుట్లు అయిదు. తేనె రంగు. ఒంటినిండా సన్నని గీరలు. అడుగున సూదిమొనంత బొడ్డు.

"నోరు కుడివైపు," అన్నారు సాహెబు.

ఆత్మారాం కలం ఆగింది. అతనికి ఎడమవైపు కనిపిస్తోంది. కళ్లారా చూశానని కింద సంతకం చేయవలసిందేమో తనే. సాహెబు పక్కకు వెళ్లి చూస్తే తేలిపోయేదే, కానీ అది మర్యాద కాదు. సాహెబు ఇటు రావడమన్నది ఊహకే అందదు. ఎవరి పక్కన వారుండి ఇరవై రోజులు చర్చించారు. "ఈ నోటి మీదే మన జిల్లా కీర్తి నిలిచి ఉంది!" అని సాహెబు సభలో గర్జిస్తే ఊరి పెద్దలు చప్పట్లు కొట్టారు. నత్త నోరెందుకో వారెవరూ అడగలేదు.

లింబయ్య భార్య ఈరవ్వ మాత్రం ఇంట్లో అంది: "గా పురుగు నోరు సంగతి సరే. ఏడాది కష్టమంత ఎండవట్టె. నువ్వన్న నోరు తెరువరాదు?"

మర్నాడు లింబయ్య బల్ల దగ్గరికి వచ్చాడు. "దొరా, గీ కాగితం జెర మలుపుండ్రి. ఒకరికి కనవడ్డది ఇంకొకరికి కనవడ్తది," అని తనే తిప్పాడు.

సాహెబు ముఖం ఎర్రబడింది. సాక్ష్యాన్ని కదిలించిన నేరానికి వర్ణన మళ్లీ మొదటి చుట్టు నుంచి మొదలైంది. మరో నెలకు ముగిసింది. "నోరు అధికారులకు కుడివైపు, కిందివారికి ఎడమవైపు." ఇద్దరూ సంతోషంగా సంతకాలు చేశారు. జాతికి దేవిదాస్ గారి పేరు పెట్టారు.

లింబయ్య చెరుకు పొయ్యిలోకి పనికొచ్చింది.

గుల్ల ఇప్పటికీ ఆ బల్ల మీదే గాజుడబ్బాలో ఉంది. ఇంతసేపు నవ్వుకున్న తమరు కూడా వెళ్లి చూడవచ్చు. ఏ పక్కన నిలబడాలో తమకెవరూ చెప్పనక్కర్లేదు.