కత్తి బాబాయి కూతపెట్టె

ఆ రోజు పొద్దున్న కత్తి బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. సెలూన్ తెరవాలి, మూల స్టూలు మీద కూర్చోవాలి, చేతికి పెట్టె తగిలించుకుని అది కూయకుండా చూసుకోవాలి. అంతే. ఇంత చిన్న పథకం కూడా తిన్నగా సాగదని ఆయన కలలో కూడా అనుకోలేదు.

పేటంతా ఆయన్ని కత్తి బాబాయి అనే పిలుస్తుంది గానీ, ఆ చేతిలో కత్తి లేక ఆర్నెల్లయింది. కుడిచెయ్యి వణుకు. ఒళ్లో పెట్టుకుంటే బుద్ధిగా ఉంటుంది, ఏదైనా పట్టుకుని పైకెత్తితే చాలు, గజగజ మొదలు. ఓసారి హెడ్మాస్టారి మీసం కుడివైపు కాస్త ఎక్కువ పోయింది. సరిచేద్దామని ఎడమవైపు తీశాడు. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. చివరికి హెడ్మాస్టారు అద్దంలో కనిపించిన కొత్తమనిషిని చూసి "ఎవరండీ మీరు?" అన్నంత పనిచేశారు. ఆ సాయంత్రమే పిన్ని, అంటే బాబాయి భార్య, కత్తిని బీరువాలో పెట్టి తాళం వేసేసింది.

అప్పట్నుంచి కుర్చీ దగ్గర బావమరిది, చీపురు దగ్గర బాబాయి. ముప్పయ్యేళ్లు ఆ కుర్చీ చుట్టూ తిరిగిన మనిషి! ఊడ్చేటప్పుడు తల ఎత్తేవాడు కాదు పాపం.

అలాంటి సమయంలో ఆస్పత్రిలో ఓ కుర్ర డాక్టరు వణుకుకి కొత్త వైద్యం పరీక్షిస్తున్నాడని తెలిసి పరిగెత్తాడు. డాక్టరు ఆయన ముంజేతికి రెండు బిళ్ళలు అంటించి, వాటిని వైరుతో ఓ చిన్న పెట్టెకు కలిపాడు. కండరం బిగుసుకుంటే పెట్టె కుయ్యిమంటుంది, వదులైతే నోరు మూసుకుంటుంది.

"కండరం ఎప్పుడు బిగుసుకుంటుందో మనకు తెలీదు బాబాయ్ గారూ. ఇది చెబుతుంది. ఆ కూత వింటూ వింటూ చేతిని వదులు చేసుకోవడం నేర్చుకుంటే వణుకు తగ్గుతుందా లేదా అన్నదే నా పరీక్ష. నెలాఖరున మీచేత నత్తగుల్ల బొమ్మ గీయిస్తాను. గీత వణక్కుండా చుట్లు తిరిగితే గెలిచినట్టే."

"గీత బాగా వస్తే కత్తి ఇస్తావా?" ఇంటికొచ్చి పిన్నిని అడిగాడు బాబాయి.

"ముందు రానీండి" అంది పిన్ని.

ప్రశాంతమైన గదిలో సాధన చేయమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. బాబాయికి తెలిసిన ప్రశాంతమైన గది సెలూనే. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఆ ఉదయం కుర్చీలో ఇళ్ళ బ్రోకరు కూర్చున్నాడు. పక్కన, అద్దె ఇంటి వేటలో ఉన్న పోస్టుమాన్.

"ఆ ఇంట్లో చెమ్మ అన్నమాటే లేదండీ! గోడలా అవి, అద్దాలు!" అన్నాడు బ్రోకరు.

ఆ గోడలకు నాచు పట్టిన సంగతి బాబాయికి తెలుసు. అయినా కుర్చీలో కూర్చున్నవాడు ఏం చెప్పినా "ఆహా, అలాగా" అనడం సెలూన్ మర్యాద. నోరు మర్యాదగానే ఉంది గానీ చెయ్యి ఉండలేదు, లోపల్లోపల బిగుసుకుంది. పెట్టె కుయ్యిమంది.

"నీళ్ళా, ఇరవైనాలుగ్గంటలూ!" కుయ్. "ఇంటాయన దేవుడు!" కుయ్, కుయ్, కుయ్.

పోస్టుమాన్ కళ్ళు ఇంతింతయ్యాయి. "బాబాయ్, ఇది అబద్ధాలు పట్టే మెషినా?"

బాబాయి నోరు తెరిచేలోపు బావమరిది అందుకున్నాడు. "మరేమనుకున్నావ్? ఆస్పత్రి నుంచి తెప్పించాం!"

పోస్టుమాన్ ఆ రోజు ఉత్తరాలతో పాటు ఈ కబురు కూడా ఇంటింటికీ పంచాడు. మర్నాడు తెల్లారేసరికి సెలూన్ ముందు వరస. క్షవరం చేయించుకున్నవాళ్ళకే పరీక్ష అని బావమరిది షరతు పెట్టాడు. బట్టతలలు కూడా వచ్చి కూర్చున్నాయి.

వరస తోసుకుంటూ బ్రోకరు భార్య వచ్చింది, మొగుణ్ణి రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ. బాబాయి స్టూలు పక్కనే నిలబడి కళ్ళెర్ర చేసింది.

"చెప్పు. ఆదివారం ఎక్కడికెళ్ళావ్?"

"మా అమ్మ దగ్గరికేనే!"

అది అక్షరాలా నిజం. కానీ ఆవిడ చూపు దగ్గర్నుంచి తగిలేసరికి బాబాయి హడలిపోయాడు, చెయ్యి బిర్రబిగుసుకుంది. పెట్టె చెవులు చిల్లులు పడేలా కూసింది.

సాయంత్రం సెలూన్ మూసే వేళకి బ్రోకరు దిండు చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఇంట్లోకి రానివ్వడం లేదు బాబాయ్. నా జన్మకి ఒక్క నిజం చెప్పాను, దానికీ కూసింది మీ పెట్టె."

బాబాయి తన చెయ్యి వంక చూసుకున్నాడు. తన చేతి జబ్బు వల్ల ఒక సంసారం వీధిన పడిందే! ఆ దిగులుకి వణుకు రెట్టింపయింది. బ్రోకరుకి మంచినీళ్ళిస్తే గ్లాసులో సగం దిండు తాగింది.

మర్నాడు పొద్దున్నే బాబాయి పెట్టె తగిలించుకుని జనం ముందు నిలబడ్డాడు.

"వినండి! ఇది అబద్ధాల మెషిన్ కాదు. నా చేతి వణుకు మెషిన్!"

కుయ్!

"బాబాయ్ అబద్ధం చెబుతున్నాడ్రోయ్!" అని అరిచారెవరో.

"కాదయ్యా, నా మాట వినండి!" కుయ్ కుయ్ కుయ్!

"మా ఆయన నీకేం ముట్టజెప్పాడు?" అని బ్రోకరు భార్య నడుం మీద చెయ్యేసుకుంది. బాబాయికి దిక్కు తోచక వైరు పీకబోయాడు. "అదుగో, దొరికిపోయానని పీకేస్తున్నాడు!" అంటూ నలుగురూ చెయ్యి పట్టుకున్నారు. పెట్టె ఊపిరి తీసుకోకుండా మోగింది.

గొడవ విని పిన్ని ఇంట్లోంచి వచ్చింది. జనాన్ని పక్కకి నెట్టి బాబాయి ముందు నిలబడింది. "ఏమండీ, డాక్టరేం చెప్పాడు? అరవమన్నాడా? చెయ్యి వదిలెయ్యండి."

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. గోరువెచ్చని నీళ్ళలో తువ్వాలు ముంచి పిండుతున్నట్టు ఊహించుకున్నాడు. దవడ దించాడు, భుజం దించాడు. కూత అంతకంతకూ పల్చబడి ఆగిపోయింది. నెమ్మదిగా నోరు విప్పాడు.

"ఇది నా చెయ్యి బిగుసుకుంటే కూస్తుందమ్మా. నిన్న నిన్ను చూసి భయపడ్డాను, అందుకే కూసింది. మీ ఆయన నిజమే చెప్పాడు."

పెట్టె కిక్కురుమనలేదు. బ్రోకరు భార్య పెట్టె వంక చూసింది, దిండుతో నిలబడ్డ మొగుడి వంక చూసింది.

"అయితే నిజంగానే మీ అమ్మ దగ్గరికెళ్ళావా?"

"వెళ్ళానే."

"మరి నన్నెందుకు తీసుకెళ్ళలేదు?" అంటూ దిండు లాక్కుని, మొగుణ్ణి తిడుతూనే ఇంటికి తీసుకుపోయింది.

ఆనాడు పట్టుబడిన కిటుకు మరి చెయ్యి జారలేదు. నెలాఖరున బాబాయి గీసిన నత్తగుల్ల చూసి డాక్టరు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఆ కాగితం పట్టుకుని తనే సెలూన్‌కి వచ్చి పిన్నిని పిలిచాడు. "చూడండమ్మా, చెయ్యి నిలిచింది. ఇక కత్తి ఇచ్చెయ్యొచ్చు."

పిన్ని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కాగితానికి రక్తం రాదు డాక్టరు గారూ. మీకంత నమ్మకముంటే మీ గడ్డం మీద చూపించండి."

సెలూన్ నిండా జనం. డాక్టరు వెనక్కి తగ్గలేక కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని బీరువా తెరిచి కత్తి తెచ్చిచ్చింది. దాన్ని అందుకోగానే బాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి మాత్రం నిలకడగా ఉంది. బావమరిది ఊరుకుంటాడా? సరదాకి ఆ రెండు బిళ్ళలూ డాక్టరు ముంజేతికి అంటించాడు.

"నాకేం భయం లేదు, కానివ్వండి" అన్నాడు డాక్టరు.

పెట్టె లబోదిబోమంది. ఆ కూత కింద బాబాయి కత్తి డాక్టరు మెడ మీద, చెంప మీద నున్నగా నడిచింది, ఎక్కడా గాటు పడలేదు. వంతు కోసం కూర్చున్న బ్రోకరు "ఇప్పుడు మాత్రం సరిగ్గా పట్టింది" అన్నాడు.

డాక్టరు తన పరిశోధనలో నత్తగుల్ల బొమ్మ వేసుకున్నాడు గానీ, ఈ కూత సంగతి ఎక్కడా రాయలేదు.