మూడో అంతస్తుకెక్కిన తీగ

ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒక ప్యాషన్ ఫ్లవర్ తీగను చట్టం చేసి మరీ నాటించాలి! నాటనివాళ్ళకి నీళ్ళ కనెక్షన్ కట్ చేయాలి. నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

కృష్ణకమలం అని కూడా పిలిచే ఆ పువ్వును మీరు చూసే ఉంటారు. ఊదారంగులో, ముళ్ళతో సహా గోడ గడియారంలా విచ్చుకుంటుంది. ఒక్కరోజే ఉంటుంది. ఆ ఒక్కరోజు భాగ్యం కోసం తీగ మాత్రం ఏడాది పొడుగునా మీ ఇంటిని ఆక్రమించుకుంటుంది. ఇంతకన్నా న్యాయమైన బేరం ఇంకెక్కడైనా ఉందా?

మా బిల్డింగ్‌లో ఈ పుణ్యం కట్టుకున్నది గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే లిఫ్ట్ మెకానిక్. ముప్పై నాలుగేళ్ళు అందరినీ పైకి పంపించి, తాను మాత్రం కిందే రిటైరైన మనిషి. పనిలేక చేతులు ఊరుకోవడం లేదని, ఎవరో ఇచ్చిన జానెడు కొమ్మ తెచ్చుకున్నాడు. కణుపు కింద కోసి, అడుగు ఆకులు తుంచి, తడి ఇసుకలో గుచ్చి, పైన ప్లాస్టిక్ కవర్ బోర్లించాడు. ఇక లేస్తూనే కవర్ ఎత్తి చూడడం, నీళ్ళు చిలకరించడం, మళ్ళీ మూయడం.

"నాకు జ్వరమొస్తే రెండుసార్లు చెప్తేగానీ నుదుటి మీద చెయ్యి పెట్టరు. ఆ పుల్లని మాత్రం గంటకోసారి చూసొస్తున్నారు" అంది భార్య.

"నువ్వు నోరు తెరిచి చెప్తావు. అది చెప్పలేదు కదే!" అన్నాడాయన.

నాలుగో వారానికి వేళ్ళొచ్చాయి. ఆ తరువాత జరిగినదాన్ని పెరుగుదల అనడం మర్యాద కోసమే. తీగ గేటును పట్టుకుంది. మోటారు పైపును పట్టుకుంది. ఆరేసిన చొక్కా చేతిలో చెయ్యి వేసింది. మొదటి అంతస్తువాళ్ళు రెండు వారాలు ఊరెళ్ళొచ్చేసరికి వాళ్ళ కిటికీ తలుపు తెరుచుకోలేదు. మొదలుకి పది అడుగుల దూరంలో, స్కూటర్ల మధ్య గచ్చు పగుల్లోంచి పిలకలు లేచాయి!

మెకానిక్ ఊరుకున్నాడా? తుంచిన ప్రతి కొమ్మనీ మళ్ళీ నాటాడు. పెరుగు డబ్బాల్లో, పగిలిన మగ్గుల్లో, మూత పోయిన కుక్కర్లో. నలభై మొక్కలు! కనబడినవాళ్ళకల్లా అంటగట్టాడు. నెల తిరక్కుండానే, ఆయన లిఫ్ట్ దగ్గర నిలబడి ఉంటే చాలు, జనం మెట్లెక్కి పోవడం మొదలుపెట్టారు. గుండెకి ఎంత మంచిదో ఆలోచించండి!

చివరికి సెక్రటరీ నోటీసు అంటించాడు: "తీగ మూడో అంతస్తు కిటికీలోకి చొరబడినందున ఆదివారం మొదలంటా నరికించబడును."

మూడో అంతస్తులో ఉండేది ఒక పెద్దావిడ. ఒంటరి మనిషి. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊరందరినీ ఒకరితో ఒకరిని మాట్లాడించిన చెయ్యి ఆవిడది. మా బిల్డింగ్‌కి వచ్చి పదకొండేళ్ళయింది. మేమెంత సంస్కారవంతులమంటే, ఈ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా తలుపు తట్టి ఆవిడని ఇబ్బంది పెట్టలేదు!

శనివారం పొద్దున మెకానిక్ కత్తెర పట్టుకుని, నాలుగు మాటలు పడడానికి సిద్ధపడి, వెళ్ళి బెల్ కొట్టాడు.

"క్షమించండి పిన్నిగారూ, మా తీగ మీ ఇంట్లోకి..."

"రా బాబూ, కూర్చో. టీ తాగుతావా?"

తీగ వంటింటి కిటికీలోంచి వచ్చి, గరిటెల స్టాండును చుట్టుకుని, నాలుగు పువ్వులు పూసి ఉంది. ఆయన కిటికీలోంచి వంగి చూశాడు. గోడ నున్నగా ఉంది. నులితీగకి పట్టు దొరకడానికి ఒక్క మేకు కూడా లేదు. మరెలా ఎక్కింది? అప్పుడు కనబడింది, కిటికీ ఊచకు కట్టి కిందికి వదిలిన పురికొస. తీగ జారిపోకుండా అడుగడుక్కీ ఓ ముడి. బతుకంతా తాళ్ళతో మనుషుల్ని పైకి లాగినవాడికి ఆ ముడుల సంగతి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇది... మీరేనా?"

"కాస్త చెయ్యందించాను" అందావిడ, దొరికిపోయిన పిల్లలా. "అది పైకొస్తే దాని వెనకాల ఎవరో ఒకరు రాకపోతారా అనుకున్నా. తిట్టడానికైనా. ఎనిమిది నెలలు పట్టిందిలే."

ఆయన కత్తెర జేబులో పెట్టుకుని టీ తాగాడు.

మనవి చేసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. నేనుండేది రెండో అంతస్తు. ఆ పురికొస ఎనిమిది నెలలూ మా కిటికీ ముందే వేలాడింది. నేను కేబుల్ వైరనుకున్నాను.

ఆదివారం మొదలు నరికేశారు. సెక్రటరీ చేతులు దులుపుకున్నాడు. అయితే మెకానిక్ శనివారమే నాలుగు కొమ్మలు కోసి, పెద్దావిడ వంటింటి గట్టు మీద ఇసుక డబ్బాల్లో గుచ్చేసి ఉంచాడు. వేళ్ళొచ్చాయో లేదో చూడాలి కదా! రోజూ వెళ్ళాడు. మొక్క చూసి రావడానికి గంటన్నరెందుకని భార్యకి అనుమానమొచ్చి ఆవిడా వెళ్ళింది. ఆ రోజు ఇద్దరూ కలిసి రెండున్నర గంటల తరువాత తిరిగొచ్చారు.

మనిషిని చూడడానికి వెళ్తున్నానంటే "ఏం, ఏమైంది?" అని అడుగుతారు. మొక్కని చూడడానికని చెబితే ఎవరూ ఏమీ అడగరు. ఎంత సౌకర్యం!

నాలుగో వారంలో ఆయన ఒక కొమ్మని మెల్లగా పైకి లాగి చూశాడు. అది రాలేదు.

"వేళ్ళు పట్టేశాయి పిన్నిగారూ! ఇంక రోజూ చూడక్కర్లేదు."

ఆవిడ లేచి కప్పులు కడిగి బోర్లించింది. తరువాత అడిగింది:

"విత్తనాల నుంచి పెంచితే ఎన్నాళ్ళు పడుతుంది బాబూ?"

"అబ్బో! మొలకెత్తడానికే నెలలు పట్టొచ్చు. పువ్వు చూడాలంటే రెండేళ్ళు."

"అయితే విత్తనాలే వేద్దాం" అందావిడ.