కుండ కింద దీపాలు

గురువారం పొద్దున్నే బహరోమ్ నిచ్చెన బయటికి తీశాడంటే ఇంట్లో ఏదో ఒకటి చెడబోతోందని అర్థం. తపాలా ఆఫీసులో రిటైరైన దగ్గర్నుంచీ ఆయన చేతులు ఊరుకోవు. ఆ రోజు అనుకున్న పని మాత్రం చాలా చిన్నది. వంటింటి గట్టుకి పైన గోడకున్న అలమర అడుగుచెక్కలో బిగించిన పాత హాలోజెన్ దీపాలు తీసేసి, ఎల్‌ఈడీ దీపాలు పెట్టడం.

"ఈ పాత సరుకు ఇక రాదు పెద్దాయనా. కొత్తవి పెట్టుకో. నీ తర్వాత కూడా వెలుగుతూనే ఉంటాయి" అన్నాడు హార్డువేర్ కొట్టు లియోంగ్. చావుమాట కలిపి సరుకమ్మడం లియోంగ్‌కి అలవాటే, కొండమీది ఆ తానా రాతా ఊళ్ళో ఎవరూ పట్టించుకోరు.

పైగా శనివారం వదిన కల్సోమ్ వస్తోంది. భార్య రొకియాకి ఒక్కగానొక్క అక్క. ఆవిడ కొండెక్కక ఏళ్ళయింది, ఎందుకెక్కలేదో ఇంటిల్లిపాదికీ తెలుసు. అత్తగారు, అంటే రొకియా తల్లి, పోయిన నలభయ్యో రోజున రొకియా తన చేత్తో తపాయ్ వండి కొండ దిగువనున్న పుట్టినూరు కువాలా కంగ్సార్‌కి మోసుకెళ్ళింది. జిగురుబియ్యం ఉడికించి, పులియబెట్టే మందుబిళ్ళ పొడిచేసి చల్లి, కుండలో కప్పెట్టే తీపి అన్నం అది. అత్తగారు చేస్తే ఊరంతా గిన్నెలు పట్టుకుని వచ్చేది. రొకియాది మాత్రం కొండచలికి పులవనే లేదు. కల్సోమ్ ఒక్క చెంచా నోట పెట్టుకుని, చుట్టాలందరి ముందూ, "అమ్మ చెయ్యి నీకు రాలేదే" అనేసింది.

ఆ ఒక్క మాటా రొకియా గుండెలో ముల్లులా దిగబడిపోయింది. తర్వాత కొన్నాళ్ళకి వంటిల్లు బాగుచేయించి ఈ అలమర కట్టించారు. ఆ అలమరలో పెట్టిన మొదటి కుండే తేనెలా కుదిరింది. ఆపైన ఒక్కసారీ తప్పలేదు. "అమ్మ ఇన్నాళ్ళకి కొండెక్కి వచ్చిందండీ" అని రొకియా కళ్ళొత్తుకున్న రోజు బహరోమ్‌కి ఇప్పటికీ గుర్తే. ఇప్పుడా తపాయ్ అక్కకి తినిపించాలి. రొకియాకి ఇంకే కోరికా లేదు. బుధవారం రాత్రే కుండ పెట్టేసింది.

కుండ అలమరలో ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో నియమాలు మారిపోతాయి. పుల్లటి వస్తువు గడప దాటకూడదు, పుల్లటి మాట పెదవి దాటకూడదు. మూత తీసి తొంగిచూడకూడదు. అబద్ధం, కోపం, కుళ్ళు ఎవరి కడుపులో ఉన్నా అన్నం రాయైపోతుంది. ఇది అత్తగారి నాటి కట్టుబాటు.

రొకియా సంతనుంచి వచ్చేసరికి వంటిల్లు తెల్లగా వెలిగిపోతోంది. గట్టు మీది పసుపు మరకలు, మూలనున్న బూజు, బహరోమ్ జుట్టుకేసిన రంగు, దాచుకున్నవన్నీ బయటపడ్డాయి. పాత దీపాల కింద ఆ గది సాయంకాలపు ఎండలా ఉండేది. రొకియా నోరు తెరిచి, అలమరకేసి చూసి, మాట మింగేసింది.

"చాలా బాగుందండీ" అంది తియ్యగా. "ఇక్కడే ఆపరేషన్లు కూడా చేయించుకోవచ్చు."

బహరోమ్‌కి మెచ్చుకోలు దొరకడమే అరుదు. ఆ ఉత్సాహంలో మళ్ళీ లియోంగ్ కొట్టుకి వెళ్ళి, హాల్లోవి, పడగ్గదిలోవి, నమాజు చేసుకునే మూలలోది కూడా మార్చిపారేశాడు. సాయంత్రం బళ్ళోంచి వచ్చిన కూతురు మస్తూరా గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాన్నా, మనింట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"బాగుందా లేదా చెప్పమ్మా."

మస్తూరా తల్లి మొహం చూసింది, అలమర చూసింది. "బ్రహ్మాండం నాన్నా. నా మొటిమలు నాకే కొత్తగా కనిపిస్తున్నాయి."

శుక్రవారం సాయంత్రానికి ఇల్లంతా తియ్యటి వాసన కమ్ముకోవాలి. కమ్ముకోలేదు. రొకియా అలమర ముందు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి, ముక్కు ఎగబీల్చి, కుర్చీలో కూలబడింది.

"ఎవరో తప్పు చేశారు" అంది. గొంతు మాత్రం పంచదారే. "నేనేమీ అనను. కుండ ఉంది కదా, అనకూడదు. ఎవరి కడుపులో ఏముందో చెప్పేసుకుంటే పోతుంది. రేపు అక్కొచ్చేలోగా అన్నం తేరుకుంటుంది."

మస్తూరా మొదట లొంగింది. గదిలో పచ్చిమామిడికాయ తిన్నానంది. దాంతో ఆగితే బాగుండేది. తల్లి ఇచ్చిన పట్టు శాలువా నిజానికి పోలేదని, స్నేహితురాలికి ఇచ్చేశానని కూడా కక్కేసింది.

"మంచి పని చేశావు తల్లీ" అంది రొకియా. అంతకంటే తిట్టినా బాగుండేదనుకుంది మస్తూరా.

ఇక బహరోమ్ వంతు. ఆయనకి చక్కెర జబ్బు. రోజూ తెల్లారి మంచులో నడకకని బయల్దేరి, మామక్ టీకొట్లో రొట్టె, చిక్కటి తీపి టీ లాగించి వస్తున్నాడు. చెప్పాడు. చెప్పాక గుండె తేలికైనట్టనిపించింది. ఒక తప్పు చెబితే తేలికైతే, రెండు చెబితే ఇంకెంత హాయో అనుకున్నాడు పిచ్చి మనిషి.

"మీ అమ్మగారి పింగాణీ పళ్ళెం ఉండేది చూడు. అది పిల్లి పగలగొట్టలేదు."

ఆ పిల్లిని రొకియా అప్పట్లో తన చేత్తో సంచిలో వేసి పొరుగూళ్ళో వదిలొచ్చింది.

"అలాగాండీ" అంది రొకియా. పెదవుల మీద నవ్వు అతికించినట్టుంది. "ఎంత నిజాయితీ మీది. ఇంకేమైనా ఉన్నాయా?"

ఉన్నాయి గానీ, ఆ నవ్వు చూసి బహరోమ్ మిగతావి మింగేశాడు.

అప్పుడు రొకియా తల వంచుకుని, మామూలు గొంతుతో అంది. "మీవేం కాదు లెండి, నాదే. అక్క వస్తోందని నాకు సంతోషం లేదు. అమ్మ చెయ్యి ఎవరికొచ్చిందో చూసుకోవే అని దాని మొహం మీద అనాలని ఇన్నేళ్ళుగా కాచుక్కూచున్నా. అంత కుళ్ళు పెట్టుకుని వండితే అమ్మెందుకు వస్తుంది?"

బహరోమ్ ఆమె భుజమ్మీద చెయ్యివేసి ఏదో అనబోయాడు గానీ, ఆ మాట తపాయ్‌కి పడుతుందో పడదో తెలియక ఊరుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం కల్సోమ్ బస్సు దిగింది. వయసు మీదపడి, చేతికర్రతో, మంచుకి వణుకుతూ. ఇంట్లో అడుగుపెట్టి దీపాల కాంతికి కళ్ళు చిట్లించి, "ఇల్లా, క్లినిక్కా మరిదీ?" అంది. వదినకి కుండ సంగతి తెలీదు కాబట్టి అనగలిగింది. బహరోమ్‌కి అప్పటికి గాని ఆ దీపాల మీద ఇంట్లోవాళ్ళ అసలు అభిప్రాయం తెలిసిరాలేదు.

అన్నాలయ్యాక రొకియా కుండ దించింది. మూత తీసింది. పెట్టిన మెతుకు పెట్టినట్టే ఉంది. చెంచా గుచ్చితే కంగుమంది.

"నువ్వన్నది నిజమే అక్కా" అంది రొకియా. ఎన్నేళ్ళనుంచో బిగబట్టినది కళ్ళలోంచి దిగిపోయింది. "అమ్మ చెయ్యి నాకు రాలేదు."

కల్సోమ్ కర్ర పక్కన పెట్టి చెల్లెల్ని దగ్గరికి లాక్కుంది. "ఏం చెయ్యే పిచ్చిదానా. ఆఖరి రోజుల్లో అమ్మ కలవరించినప్పుడల్లా నీ పేరే కలవరించింది. నేనక్కడే కూచుని కాళ్ళు పడుతున్నా, నీ పేరే. ఆ మంట మీద అన్న మాటది. అన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు, కొండెక్కడం మానేశాను." కొంగుతో చెల్లెలి మొహం తుడిచింది. "అమ్మ పొయ్యి పక్కన వేడిబూడిదలో పెట్టేది కుండ. నేను గ్యాసు పొయ్యి కొన్న ఏడాది నాదీ ఇలాగే రాయైంది. ఆ ఏడాదంతా బజార్లో కొని, అమ్మ కుండలో పోసి పంచాను. అందరూ అమ్మ చెయ్యే అన్నారు."

రొకియా ఏడుస్తూనే నవ్వింది.

"ఇంతకీ దీన్ని ఎక్కడ పెట్టావే?" అంటూ కల్సోమ్ అలమర అడుగుచెక్క తడిమింది. "ఇదేంటి, ఐసుగడ్డలా ఉంది."

"మొన్నటిదాకా అలా ఉండేది కాదు పెద్దమ్మా" అంది మస్తూరా. "చెయ్యి పెడితే చురుక్కుమనేది. కింద పాత దీపాలు…"

మాట మధ్యలో ఆపేసింది. ముగ్గురు ఆడవాళ్ళూ బహరోమ్ వైపు తిరిగారు. తెల్లారి మంచు మొదలుకొని పడుకునేదాకా వెలిగే దీపాలు ఇన్నేళ్ళుగా ఆ చెక్కని కాచి, ఆ కుండని కాచి, అత్తగారిని కొండెక్కించాయన్నమాట. బహరోమ్‌కి అంతా అర్థమైంది. కుండ అలమరలో లేదనీ, ఇక ఏ మాటకీ అడ్డులేదనీ ఆ వెంటనే అర్థమైంది.

"పిల్లి" అని మొదలుపెట్టింది రొకియా.

అక్కడినుంచి శాలువా దాకా, రొట్టె దాకా, ఆపరేషన్ గది దాకా, మూడు రోజులు మింగిందంతా ఒక్కటొక్కటిగా బయటికొచ్చింది. కల్సోమ్ తనతో తెచ్చిన మందుబిళ్ళ తీసి, కొత్త బియ్యం నానబోసింది. బియ్యం నానినంతసేపూ, ఉడికినంతసేపూ, చాపమీద ఆరినంతసేపూ తిట్లు సాగాయి. బహరోమ్ నిచ్చెనెక్కి, తను పారేయకుండా అట్టపెట్టెలో దాచిన పాత దీపాలు మళ్ళీ బిగిస్తూ తలాడించాడు. వంటిల్లు మళ్ళీ పచ్చబడింది.

అప్పుడు అక్కచెల్లెళ్ళు చేతులు కడుక్కుని ఎదురెదురుగా కూచున్నారు. తల్లి దగ్గర చిన్నప్పుడు కూచున్నట్టే, మాటాపలుకూ లేకుండా పొడి చల్లారు, కలిపారు, కప్పారు. ఆ వెలుతురులో ఇద్దరి చేతులూ ఒక్కలాగే కనిపించి బహరోమ్ కళ్ళు చెమర్చాయి. కుండ అలమరెక్కింది. ఇల్లు నిశ్శబ్దమైంది.

సోమవారం రాత్రికి వాసన వచ్చింది. మర్నాడు మూత తీస్తే తేనె ఊరి ఉంది. కల్సోమ్ ఒక చెంచా నోట పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చెల్లెలి చెయ్యి పట్టుకుని, "అమ్మేనే" అంది.

అలమర ఖాళీగా ఉంటే తనకి క్షేమం కాదని తెలిసి, ఆ కుండ సగం కూడా ఖాళీ కాకముందే మళ్ళీ బియ్యం నానబోసినవాడు బహరోమ్.