చెట్టు చుట్టూ ఒక బెంచీ

శనివారం నాటికి బెంచీ తయారైపోవాలని తౌనో సోమవారం పొద్దున రెండో కప్పు కాఫీ తాగుతూ నిర్ణయించుకున్నాడు. ఆ రెండో కప్పు నిజానికి అతనిది కాదు. భార్య ఐరా పోయి ఏడాది దాటినా చేతికి ఇంకా కొలత మారలేదు. ఇద్దరికీ కాచడం, ఆమె వంతు కూడా తనే తాగేయడం, రాత్రి నిద్ర పట్టక దొర్లడం, ఇదీ వరస.

ఈసల్మి ఊళ్ళో అతని ఇల్లున్నది ఎనిమిది ఇళ్ళ వరసలో. అందరూ మంచివాళ్ళే. ఎంత మంచివాళ్ళంటే, పక్కింటివాళ్ళు వాకిట్లో ఉంటే వాళ్ళు లోపలికి వెళ్ళేదాకా తలుపు వెనక ఆగి, అప్పుడుగానీ చెత్త సంచీతో బయటికి రారు. ఒకరి జోలికి ఒకరు పోకపోవడమే మా దగ్గర మర్యాద. తౌనో ఉద్యోగమున్నన్నాళ్ళూ రైల్లో టికెట్లు చూస్తూ అదే మర్యాద పాటించాడు. ఐరా ఉన్నప్పుడు దాంట్లో లోటేమీ కనపడలేదు. ఇప్పుడు కొన్ని రోజులు అతని నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే, కొట్టులో "సంచీ అక్కర్లేదు" అని. ఈమధ్య ఆ మాటనే కాస్త సాగదీసి అంటున్నాడు.

శనివారం ఆవరణలో శ్రమదానం. ఏటా మంచు కరిగాక అన్ని ఇళ్ళవాళ్ళూ వచ్చి ఆకులు ఊడ్చి, సాసేజీలు కాల్చుకుని, నిలబడే తిని, ఎవరింటికి వాళ్ళు పోతారు. కూర్చునే చోటుంటే కాసేపు ఆగుతారేమోనని తౌనో ఆశ. ఆవరణ మధ్యలో పెద్ద పైన్ చెట్టు ఉంది. దాని చుట్టూ ఆరు పలకల బెంచీ వేస్తే, అచ్చం ఐరా బొంతల్లో కుట్టే ఆరు మూలల గడిలా ఉంటుంది. చెట్టుకు వీపు పెట్టి ఆరుగురు కూర్చోవచ్చు, ఎవరూ ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. మావాళ్ళకు ఇంతకంటే నచ్చే ఏర్పాటు ఇంకోటి ఉండదు.

ఆరు మూలలు కలవాలంటే చెక్కను కోణం పెట్టి కోయాలి. అందుకు మైటర్ రంపం కావాలి. పనిముట్ల కొట్టులో అమ్మే కుర్రది దగ్గరికొచ్చి, "ఏమైనా సాయం కావాలా?" అంది.

"వద్దు," అన్నాడు తౌనో, అసలు ఏ రంపం కొనాలో తెలియకుండానే.

ఎరుపు రంగుది కొని గ్యారేజీలో బల్ల మీద పెట్టాడు. రంపం తల కిందికి వంగి ఉంది. పైకి లేపబోతే లేవలేదు. బుజ్జగించాడు, లాగాడు, బల్లతో సహా ఎత్తాడు. సాయంత్రానికి అతని నడుం వంగిపోయింది, రంపం మాత్రం తల ఎత్తలేదు. మర్నాడు మోసుకెళ్ళి కొట్టులో పెడితే ఆ అమ్మాయి పక్కనున్న చీల ఒకటి రెండు వేళ్ళతో లాగింది. రంపం లేచి నిలబడింది.

"దారిలో కదలకుండా పెట్టే చీల అది. రంపంతో ఇచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది," అంది.

"మొదటి పేజీలో జాగ్రత్తలే రాస్తారనుకున్నా," అన్నాడు తౌనో. ఆ వారంలో అదే అతని పెద్ద సంభాషణ.

అసలు తంటా అక్కడ మొదలైంది. ముప్పై డిగ్రీల గుర్తు దగ్గర పెట్టి పలకలన్నీ కోశాడు. అయిదు మూలలు ఫరవాలేదు. ఆరో మూల దగ్గరికొచ్చేసరికి వేలు దూరేంత సందు. గుర్తు తప్పై ఉంటుందని అతనికి తోచలేదు. నంబరు అచ్చేసి ఉందిగా మరి. తన చేతిదే తప్పనుకుని అన్నీ మళ్ళీ కాస్త కాస్త కోశాడు. సందు అలాగే ఉంది, బెంచీ చిన్నదైంది. ఇంకోసారి కోశాడు. బుధవారం సాయంత్రానికి అది కోళ్ళు కూర్చోడానికి బావుండే సైజుకొచ్చింది. కొత్త పలకలు తెచ్చుకున్నాడు.

ఇటు గ్యారేజీలోకి పొడుగాటి పలకలు పోతున్నాయి, బయటికి రంపపు పొట్టు తప్ప ఏమీ రావడం లేదు. పక్కింటి సిర్కా కిటికీలోంచి అంతా చూస్తోంది. గురువారం చెత్తబుట్టల దగ్గర ఇళ్ళవాళ్ళ సంఘం ప్రెసిడెంటు యోర్మా కనిపిస్తే, ఎన్నేళ్ళ అలవాటో పక్కనపెట్టి ఆగింది.

"తౌనో ఏం చేస్తున్నాడంటారు?"

"నేనూ అదే చూస్తున్నా. పలకలు రెండు మీటర్లుంటాయి."

"మనిషి ఎత్తెంత?"

"నాకంటే కాస్త తక్కువ."

ఇద్దరూ గ్యారేజీ వైపు చూశారు. రంపం గీమని అరిచి ఆగింది.

"భార్య పోయినవాళ్ళు తమ శవపెట్టె తామే చేసుకుంటారని మా పెద్దమ్మ చెప్పేది," అంది సిర్కా.

"వెళ్ళి అడగనా?"

"అయ్యో, అలా ఎలా అడుగుతాం. ఆయన పెట్టె ఆయనిష్టం."

శుక్రవారానికి ఈ సంగతి ఎనిమిది ఇళ్ళలో ఏడిళ్ళకు తెలిసింది.

అదే శుక్రవారం తౌనో కొత్త పలకల ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. మనసు బాగాలేక ఐరా కుట్టుపెట్టె తెరిచాడు. బొంత గడులు కత్తిరించే ఆరు మూలల రేకు అచ్చు అందులో ఉంది. అది పట్టుకుంటే ఆమె చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది. తర్వాత ఎందుకో దాన్ని రంపం బ్లేడుకు ఆనించి చూశాడు. ఒక పక్కన రేకు ఆనక సందులోంచి వెలుగు కనిపించింది. చెక్కను ఆనించే పట్టీ కొట్టునుంచే రవ్వంత వంకరగా వచ్చింది. ఒక్కో కోతకు రవ్వంత తేడా, మూలలన్నీ తిరిగొచ్చేసరికి గోరంత కొండంతైంది.

"నీ రేకే కరెక్టు," అన్నాడు పైకే. బోల్టులు వదులు చేసి, పట్టీని అచ్చుకు సరిచేసి, మళ్ళీ బిగించాడు.

శనివారం పొద్దున్నకి ఆరు మూలలూ కలిశాయి. వెంట్రుక దూరే సందు లేదు. స్క్రూలు బిగించి, కాళ్ళు కూడా వేసి, మధ్యలోంచి గడప దాటినట్టు దాటి బయటికొచ్చాడు. గ్యారేజీ తలుపెత్తేసరికి ఎదురుగా సిర్కా, యోర్మా, ఇంకో నలుగురు. సిర్కా చేతిలో వేడివేడి తీపి రొట్టె ఉంది. అందరి మొహాలూ చావింటికొచ్చినట్టున్నాయి.

రంపం గోల భరించలేక వచ్చారనుకున్నాడు తౌనో. "క్షమించండి. ఇవాళ్టితో అయిపోతుంది, ఇక మీకు నావల్ల ఇబ్బంది ఉండదు."

సిర్కా కళ్ళు నీళ్ళతో నిండాయి. యోర్మా గొంతు సవరించుకుని లోపలికి తొంగిచూశాడు. "ఇదేంటి, బెంచీయా?"

"చెట్టు చుట్టూ వేద్దామని."

ఆరుగురూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఆ ఊరటలో ఎవరూ చెప్పకుండానే తలో మూలా పట్టుకున్నారు. ఏడుగురు కలిసి ఆ పెద్ద చట్రాన్ని ఆవరణ దాటించి పైన్ చెట్టు దాకా మోశారు. అక్కడ ఆగారు. బెంచీని చూశారు. చెట్టును చూశారు. తలెత్తి చెట్టు కొన దాకా చూశారు. మూసేసిన చట్రం, పెరిగిపోయిన చెట్టు.

"గ్యారేజీలోనే అనిపించింది నాకు," అంది సిర్కా చివరికి.

"నాకూ," అన్నాడు యోర్మా. మిగతావాళ్ళూ తలలూపారు.

"మరి చెప్పలేదేం?"

"మీ బెంచీ కదా."

తౌనోకు ఏడుపొచ్చినంత పనైంది. వారం రోజుల ఆశ గడ్డిలో దిగబడింది. బెంచీని చెట్టు పక్కనే కింద పెట్టించి, ఇక వీళ్ళెలాగూ వెళ్ళిపోతారని అటు తిరిగి నిలబడ్డాడు. మోసిన అలుపుకో ఏమో సిర్కా కూర్చుంది. పలక మీద పెట్టి మోసుకొచ్చిన రొట్టెను ఒళ్ళోకి తీసుకుని, కాళ్ళు లోపలి వైపు వేసుకుంది. ఆమెను చూసి యోర్మా, అతన్ని చూసి తక్కినవాళ్ళు. మధ్యలో చెట్టు లేదు కాబట్టి మోకాలికి మోకాలు తగులుతోంది, ఎటు చూసినా ఎవరిదో ఒకరి మొహమే.

"సర్దుకోండి, తౌనో కూడా కూర్చుంటాడు," అంది సిర్కా. అతను కూర్చోగానే అతనితో, "మీకొకటి చెప్పాలి. మేం శవపెట్టె అనుకున్నాం."

"ఎవరికి?"

"మీకే."

"నాకంత పొడుగుదెందుకు?" అన్నాడు తౌనో. యోర్మా నవ్వాడు. తౌనో ఒక్కో మొహమే చూశాడు. వారమంతా తను ఒక్కడే అనుకుని రంపం తిప్పుతుంటే, ఏడిళ్ళలో తన మాటే నడిచింది. తన చావు గురించే అయినా సరే, ఆ సంగతి అతనికి ఎంతో హాయిగా అనిపించింది. లేచి వెళ్ళి కాఫీ కాచుకొచ్చాడు. ఇద్దరికి కాచే చెయ్యి ఆ రోజు ఏడుగురికి ఎలా కాచాలో తెలియక రెండుసార్లు తడబడింది. ఆకులు మాత్రం ఎవరూ ఊడ్చలేదు.

ఎదురెదురుగా ఉన్న రెండు మూలల స్క్రూలు విప్పితే బెంచీ చెట్టు చుట్టూ పడుతుందని ఆవరణలో అందరికీ తెలుసు. మర్యాద తెలిసినవాళ్ళు కదా, ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.