వాల్వు బాబాయికి రెండు నిమిషాలు

నీటి మీటర్ల ఉద్యోగుల సంఘం చరిత్రలో మొట్టమొదటిసారిగా, సంతాప సభలో రెండు నిమిషాల మౌనం సరిగ్గా రెండు నిమిషాలు పాటించబడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సంతాప సభకు సంతోషమేమిటని మీరు అడగవచ్చు. సభ ఎవరికోసం జరిగిందో ఆ మనిషే స్వయంగా హాజరై, చివరిదాకా నిలబడి సహకరించారు కాబట్టి అందులో తప్పేమీ లేదు.

ముందు స్టాప్‌వాచ్ సంగతి. పోయిన ఏడాది దాకా మా మౌనాన్ని అధ్యక్షులవారు తమ అంచనా మీద ముగించేవారు. కళ్లు మూసుకునేవారు, మనసులో ఏదో లెక్కపెట్టుకునేవారు, "ధన్యవాదాలు, కూర్చోండి" అనేవారు. ఒకసారి కార్యదర్శి ఫోనులో కొలిచి చూస్తే ఆ రెండు నిమిషాలు ఇరవై ఏడు సెకన్లని తేలింది. ఊరందరి నీళ్లనూ చుక్క పొల్లు పోకుండా కొలిచే మనం మన మౌనాన్ని ఇలా కారిపోనిస్తామా అని ఆయన బల్ల గుద్ది అడిగారు.

వెంటనే తీర్మానం అయింది. ఇకమీదట మౌనాన్ని ఆన్‌లైన్ స్టాప్‌వాచ్‌తో, గోడ మీద తెర వేసి, అందరికీ కనబడేలా కొలవాలి. మధ్యలో ఎవరు చప్పుడు చేసినా ఆ మౌనం చెల్లదు. కార్యదర్శి ల్యాప్ బటన్ నొక్కుతారు, మౌనం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పైన పెద్ద అంకెల్లో మొత్తం సమయం నడుస్తూనే ఉంటుంది, కింద చెడిపోయిన మౌనాలు ల్యాపులుగా వరసన పడతాయి. ఒక్కొక్క ల్యాపుకి కారకులెవరో కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో రాస్తారు. ఒక ల్యాపుకీ ఇంకో ల్యాపుకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఖాళీ కూడా ఉండదు.

ఇక మృతుడి సంగతి. ఆయన్ని అందరూ వాల్వు బాబాయి అంటారు. ముప్పై నాలుగేళ్లు వీధివీధికీ తిరిగి వాల్వులు తిప్పి రిటైరయ్యారు. బంగారంలాంటి మనిషి, పైగా మొహమాటస్తుడు. ఎవరైనా తన కాలు తొక్కితే, అక్కడ కాలు పెట్టినందుకు తానే క్షమించమనే రకం.

పోయిన నెల మా మీటరు రీడరు బాబాయి ఇంటికి వెళితే మీటరు అంతకుముందు నెల ఎక్కడుందో అక్కడే ఉంది. ఒక్క అంకె కదల్లేదు. మా వృత్తిలో దీనికి ఒకటే అర్థం. మనిషన్నవాడు బతికుంటే కనీసం మొహమైనా కడుక్కుంటాడు కదా. తలుపు తట్టి చూడటం రీడరు విధుల్లో లేదు కనుక ఆయన తట్టలేదు. సంగతి కార్యదర్శికి చెప్పారు, కార్యదర్శి నోటీసు బోర్డుకి చెప్పారు. నిజానికి బాబాయీ పిన్నీ కూతురి పురిటికని పొరుగూరు వెళ్లారు. కానీ అది మనుషులు చెప్పే మాట. మనుషులు అబద్ధమాడగలరు, మీటరు ఆడలేదు.

సభ రోజు మధ్యాహ్నమే బాబాయి బస్సు దిగారు. "అదేంటి, మీ సంతాప సభకి వెళ్లట్లేదా?" అని టీ కొట్టతను అడిగాడు. బాబాయి నవ్వబోయి, అతను చెప్పిన నోటీసులో రెండో అంశం విని ఆగిపోయారు. మౌనం పూర్తయిన వెంటనే మృతుడి పేరున ఉన్న కుళాయి కనెక్షన్ తొలగించబడును. సాయంత్రం బండికి కూతురు మూడు వారాల పసిగుడ్డుతో దిగుతోంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నీళ్లు లేకపోతే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆయన సంచీ అక్కడే పడేసి పరుగెత్తారు.

హాల్లోకి వచ్చేసరికి అందరం తలలు వంచుకుని నిలబడి ఉన్నాం. బాబాయి నోరు తెరిచారు. మౌనం నడుస్తోందని గమనించి మూసుకున్నారు. వెనక వరుసలో నా పక్కకొచ్చి నిలబడ్డారు. నేను ఆయన్ని చూసి కొంచెం జరిగి చోటిచ్చాను.

మొదటి ల్యాపు యాభై ఒక్క సెకన్లు. కారకులు: కోశాధికారి, దగ్గు.

రెండో ల్యాపు నిమిషం ఇరవై మూడు సెకన్ల దగ్గర, స్టాప్‌వాచ్ పేజీలో కింద ఉన్న ప్రకటనే నోరు విప్పింది. "మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్నారా?" అని అడిగింది. ఇద్దరు ముగ్గురు అవునన్నారు. కారకులు: స్టాప్‌వాచ్ అని రాసుకున్నారు.

మూడోది నిమిషం యాభై ఎనిమిది దాకా వెళ్లింది. ఉపాధ్యక్షులవారి కడుపు గుర్రుమంది. కడుపు సంఘ సభ్యుడు కాదని ఆయన సైగలతో వాదించారు గాని, చెల్లలేదు.

నాలుగో దాంట్లో, పంతొమ్మిదో సెకను దగ్గర, బాబాయి ఉన్న ధైర్యమంతా కూడగట్టుకున్నారు.

"అయ్యా, నేను బతికే ఉన్నాను."

కార్యదర్శి ల్యాప్ నొక్కి, కారకులు: మృతుడు అని రాశారు.

హాలంతా బాబాయి వైపు కోపంగా తిరిగింది. అధ్యక్షులవారు చెయ్యెత్తి స్టాప్‌వాచ్ ఆపించి, గంభీరంగా సెలవిచ్చారు.

"బాబాయ్, మీరు మాకు పరాయివారు కాదు. మీ ఆవేదన సంఘం గుర్తించింది. అయితే అజెండాలో మొదటి అంశం మౌనం, రెండోది కనెక్షన్, మూడోది ఇతర విషయాలు. మీరు బతికుండటం ఇతర విషయాల్లోకి వస్తుంది. వరస తప్పితే సంఘం అనేది ఎందుకు?"

"సాయంత్రం పాపాయి వస్తోందండీ. నీళ్లు..." అన్నారు బాబాయి.

"నాలుగుసార్లు నిలబడ్డాం, నీకోసమే కదా," అన్నాడు పైపుల మేస్త్రీ. "ఒక్క రెండు నిమిషాలు ఓపిక పట్టలేవా బాబాయ్?"

ఇంతమంది తన మూలంగా నిలబడి ఉన్నారన్న మాట బాబాయిని లోపలికంటా పొడిచింది. "పట్టలేనని కాదురా," అంటూ తల వంచుకున్నారు.

అయిదో ల్యాపు మొదలైంది. నిమిషం దాటాక బాబాయికి తుమ్ము వచ్చింది. భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నారు. మొహం ఎర్రబడింది, కళ్లవెంట నీళ్లు కారాయి. ఆ నీళ్లతోనే నా వైపు చూశారు. నేను అంకెల వైపు చూశాను. రెండు నిమిషాలు కాగానే కార్యదర్శి స్టాప్ నొక్కారు. మొత్తం ఆరు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లు. చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్లలోనే మేస్త్రీ రెంచి పట్టుకుని బయల్దేరాడు. మృతుడు చూపిన క్రమశిక్షణ అందరికీ ఆదర్శమని అధ్యక్షులవారు కొనియాడి ప్రశంసాపత్రం ఇచ్చారు. మృతులు సంతకం పెట్టరాదు కనుక దాన్ని పిన్ని పేరున రాశారు. మూడో అంశానికి హాలు టైము అయిపోయింది.

సాయంత్రం పాపాయిని ఎత్తుకుని కుళాయి తిప్పితే గాలి బుస్సుమంది. బాబాయి ఇప్పుడు వీధి పంపు నుంచి బిందెలు మోస్తున్నారు. కొత్త కనెక్షన్‌కి దరఖాస్తు పెట్టారు, పాత వినియోగదారుడి మరణ ధ్రువీకరణ పత్రం జతచేయమని తిరిగొచ్చింది. ఈ నెల రీడరు మళ్లీ వెళ్లి చూశారు. మీటరు కదల్లేదు. సంఘం నిర్ణయం సరైనదేనని రుజువైంది. పాపాయి మాత్రం గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది. దానికింకా సంఘం నియమాలు తెలియవు.

అన్నట్టు, మీరు మొదటి వాక్యం మొదలుపెట్టినప్పుడే నేనూ స్టాప్‌వాచ్ నొక్కాను. బతికున్న మనిషికి సంతాపం జరిగినంతసేపూ మీరు కిక్కురుమనలేదు. ఒక్క ల్యాపు కూడా చెడలేదు. సభ్యత్వ ఫారాలు కార్యదర్శి దగ్గర దొరుకుతాయి.