పులి కోసమైతే ఒకటి అనండి

ఒక పెద్ద అడవిలో ఆరువందల నలభై ప్రాణులకు ఒక్కటే పులి. దాన్ని కనిపెట్టే పని అంకన్న అనే ముసలి కొండముచ్చుది. చెట్టు చిటారుకొమ్మన కూర్చుని, పులి కనపడగానే "ఖొక్" అనేవాడు. కింద అందరూ పరిగెత్తేవారు. అరుపుకీ పరుగుకీ మధ్య ఒక్క రెప్పపాటు.

ఇది మరీ పాత పద్ధతని జంబుకయ్య అనే నక్కకు తోచింది.

"ఖొక్ అంటే ఏ దిక్కున? ఎన్ని అడుగుల దూరంలో?" అని అడవి సభలో నిలదీశాడు. "లెక్క లేని హెచ్చరిక హెచ్చరికే కాదు, అధ్యక్షా. జంతువుకో చిలకనిస్తాను. వీపు మీద కూర్చుని అడుగులతో సహా చెబుతుంది. మొదటి నెల ఉచితం."

ఉచితం అనగానే అధ్యక్షుడు ఏనుగుగారి చెవులు రెండూ ఊగాయి.

"రెండో నెల?" అని అడిగింది చుక్కమ్మ అనే జింక. ఆమె ఈని నాలుగు రోజులే అయింది. పిల్లకి ఇంకా కాళ్ళు నిలవడం లేదు.

"రెండో నెల సంగతి రెండో నెలలో చూద్దాం, చెల్లెమ్మా."

అందరికీ నమ్మకం కలగాలని జంబుకయ్య మొదటి చిలకను తన వీపు మీదే ఎక్కించుకున్నాడు. చిలక గొంతు సవరించుకుని, "నిబంధనలు నాలుగు వందల పన్నెండు. మొదటిది..." అంది.

"ఒప్పుకున్నాను" అన్నాడు జంబుకయ్య.

మిగతావాళ్ళూ అదే మాట అన్నారు. తాబేలు ఒక్కటే, "చదువమ్మా, నాకేం తొందర" అంది. రోజుకు తొమ్మిది చొప్పున వినడం మొదలుపెట్టింది.

అదే సభలో ఇంకో తీర్మానం కూడా అయింది. చిలకలకు పోటీగా ఎవరైనా అరిస్తే అరుపుకు మూడు పళ్ళు జరిమానా. ప్రతిపాదించింది జంబుకయ్యే. అంకన్న తన దగ్గరున్న పళ్ళు లెక్కపెట్టుకున్నాడు. రెండున్నాయి. నోరు మూసుకున్నాడు.

మూడు రోజులు పండగే. "పులి, తూర్పున, ఆరువందల అడుగులు" అని చిలక చెబితే దుప్పులు తీరిగ్గా నమిలింది మింగి మరీ బయలుదేరేవి.

నాలుగో రోజు పొద్దున్నే చిలకలన్నీ కళ్ళు మూసుకున్నాయి. "మెరుగుపడుతున్నాం. దయచేసి ఆగండి" అన్నాయి. మధ్యాహ్నానికి కళ్ళు తెరిచాయి. చుక్కమ్మ తన చిలకను పులి ఎక్కడని అడిగింది.

"నమస్కారం. పులి కోసమైతే ఒకటి అనండి. చిరుత కోసమైతే రెండు అనండి. ఎలుగుబంటి కోసమైతే..."

"ఒకటి."

"ధన్యవాదాలు. ముందుగా ఒక చిన్న ప్రకటన."

ప్రకటన అయ్యేసరికి చుక్కమ్మ ఊపిరి పదకొండుసార్లు తీసి వదిలింది. పులి రెండు దూకులకు నలభై అడుగులు దాటుతుంది. లెక్క ఆమెకు నచ్చలేదు. నేరుగా మద్దిచెట్టు కింద జంబుకయ్య కార్యాలయానికి వెళ్ళింది.

"అన్నా, నా పాత చిలకను నాకిప్పించు."

"పాతది ఇక రాదమ్మా. కొత్తదాంట్లో తొమ్మిది మెరుగులున్నాయి."

"ఏమిటవి?"

"ఈకల రంగు ఒకటి."

"మిగతా ఎనిమిది?"

"అవీ రంగులే."

"అసలు నాకు చిలకే వద్దు. తీసేసుకో."

"ఆ ముక్క చిలకతోనే చెప్పాలి. ఏడు అనండి."

"అన్నాను. తిరిగి తిరిగి మళ్ళీ నమస్కారం దగ్గరికే వచ్చింది."

"అంటే బాగానే పనిచేస్తోంది" అన్నాడు జంబుకయ్య సంతోషంగా.

ఆ వారంలో మూడు అడవిపందులు కనబడకుండా పోయాయి. వాటి చిలకలు మాత్రం కార్యాలయానికి తిరిగొచ్చి, "ఖాతా ముగిసింది" అన్నాయి.

పదకొండో రోజు చుక్కమ్మ రెల్లుగడ్డిలో పిల్లకు పాలిస్తుంటే తాబేలు రొప్పుతూ వచ్చింది.

"చుక్కమ్మా, ఇవాళ తొంభై ఏడో నిబంధన విన్నాను. మనం ఎక్కడున్నామో ఈ చిలకలు కంపెనీ భాగస్వామికి చెబుతాయట."

"ఎవరా భాగస్వామి?"

"అది తొంభై ఎనిమిది. పులి. బంగారు పథకం తీసుకుందట."

పులి అప్పటికే పక్క పొదలో ఉంది. బంగారు రంగు చిలక దాని వీపు మీదుంది. పులి ఒళ్ళు కుదించుకుంది, ఊపిరి బిగబట్టింది, ఇక దూకబోయింది.

"అభినందనలు!" అంది బంగారు చిలక, అడవంతా మోగేలా. "జింక, పిల్లతో సహా, నలభై అడుగుల్లో. ఈ వేటకు ఎన్ని నక్షత్రాలిస్తారు?"

తాబేలు తల లోపలికి లాక్కుంది. చుక్కమ్మ ఒక్క గెంతు గెంతింది. సరిగ్గా నిలబడడమే రాని పిల్ల తల్లి వెనకే ఏకంగా పరుగు నేర్చేసుకుంది.

"నోర్ముయ్" అంది పులి.

"మీ మాట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

పులి పళ్ళు నూరింది. "నిన్ను నాకంటగట్టినవాడు ఎక్కడున్నాడు?"

ఈసారి చిలక తడుముకోలేదు. "జంబుకయ్యగారు. మొదటి ఖాతాదారు. ఉత్తరాన రెండు వందల పది అడుగులు. మద్దిచెట్టు కింద నిద్రపోతున్నారు."

గడ్డి కదిలిన చప్పుడుకు జంబుకయ్యకు మెలకువ వచ్చింది. "ఏమిటా చప్పుడు? పులి గానీ కాదు కదా?" అని తన చిలకను అడిగాడు.

"నమస్కారం. పులి కోసమైతే ఒకటి అనండి."

"ఒకటి, ఒకటి, ఒకటి!"

"ధన్యవాదాలు. ముందుగా ఒక చిన్న ప్రకటన."

చిటారుకొమ్మన అంకన్న అంతా చూస్తూనే ఉన్నాడు. అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. తన దగ్గర రెండే పళ్ళున్న సంగతి గుర్తొచ్చి మళ్ళీ మూసుకున్నాడు.

మర్నాడు సభ జరిగింది. ఏనుగుగారు అంతా విని, "తప్పంతా చిలకలదే. వచ్చే నెల నుంచి మైనాలు" అని తీర్మానించారు. ఉచితమేనా అని నలుగురైదుగురు అడిగారు కూడా.

చుక్కమ్మ అక్కడ నిలవలేదు. పిల్లను వెంటబెట్టుకుని అంకన్న చెట్టు కిందికి చేరింది.

"తాతా, మళ్ళీ ఖొక్ అంటావా?"

"అంటాను గానీ, అరుపుకు మూడు పళ్ళు జరిమానా కదే పిల్లా. వసూలు చేసే జంబుకయ్య ఎక్కడున్నాడో ముందు కనుక్కో."

చుక్కమ్మ వీపు మీది చిలకను అడిగింది. నమస్కారం, ప్రకటన అన్నీ అయ్యేదాకా ఇద్దరూ ఓపిగ్గా ఆగారు.

"జంబుకయ్యగారు" అంది చిలక, "పులిగారు ఎక్కడుంటే అక్కడే. దూరం సున్నా అడుగులు."

నీతి: నిబంధనలు ఒప్పుకున్నవాడు చదవకపోయినా ఎలాగో బతికిపోతాడు, రాసినవాడు చదవకపోతేనే ప్రమాదం.